మా అక్క చేతి కొలత

మా నాయన నాకు చదువు చెప్పింది గాజుల అంగట్లో. చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవి. రెండో తరగతిలో ఒకనాడు ప్రార్థన వేళ వరసలో నిలబడి పడిపోయాను. నన్ను పంపొద్దని బడివాళ్ళేమీ అనలేదు. మా అమ్మే మానిపించింది. నలుగురిలో పడితే ఆ మాట ఊరంతా పాకి, రేపు అక్కకు సంబంధాలు రావని ఆమె భయం. అప్పటికి అక్కకు పదకొండేళ్ళు.

అలా ఈ కన్నడ ఊళ్ళో, బళేపేటలోని మా అంగడి గల్లాపెట్టె పక్కన కూర్చున్నాను. డబ్బాల మీది కొలతలు చూసి అంకెలు, నాయన స్తోత్రాల పుస్తకం చూసి అక్షరాలు నేర్చుకున్నాను. పన్నెండో ఏట మూర్ఛలు వాటంతటవే ఆగిపోయాయి. అమ్మవారి దయ అంటాను. అంతకంటే వేరే మాట నాకు తెలియదు.

చదువు తర్వాత నాయన నేర్పింది గాజులు వేయడం. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర మెత్తగా అదిమి పట్టి, ఎదుటి మనిషిని మాటల్లో పెట్టి, ఆమె నవ్వే క్షణంలో గాజును ముందుకు తోసేయాలి. నవ్వినప్పుడు చేయి వదులవుతుంది. ఈ విద్య నాకు త్వరగా పట్టుబడింది. పదిహేనేళ్ళకే, 'ఆ చిన్నపాప చేతనే వేయించండి' అని అడిగి మరీ కూర్చునేవాళ్ళు.

మా అంగడికి ఇంకో పద్ధతి కూడా ఉంది. గాజుల్లో రెండు నాలుగంటే చిన్న కొలత, రెండు ఆరు నడిమిది, రెండు ఎనిమిది పెద్దది. పెళ్ళినాడు రెండు నాలుగు వేసుకున్న ఆమె ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా వచ్చి అదే అడుగుతుంది. చెయ్యి చూస్తే రెండు ఆరు అని మాకు తెలిసిపోతుంది. ఆ మాట పైకి అనకూడదు. లోపలికి పోయి, రెండు ఆరు తీసి, డబ్బా మీది కొలత చీటీ చింపేసి తెచ్చి, 'రెండు నాలుగేనమ్మా' అని వేయాలి.

"అబద్ధం కాదు పాపా ఇది, మర్యాద. ఆమె సంతోషంగా పోతుంది, మళ్ళా వస్తుంది" అనేవాడు నాయన.

అక్కకు ఇరవై తొమ్మిది వచ్చేసరికి మూడు సంబంధాలు వచ్చి పోయాయి. అందరూ ఇంట్లో కూర్చుని కాఫీ తాగి, ఫోన్ చేస్తామని వెళ్ళినవాళ్ళే. నాలుగోది సర్జాపుర వైపు నుంచి వచ్చింది. ఆంధ్రానుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కుని స్థిరపడినవాళ్ళు. అబ్బాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్క ఫోటో చూసి, దాన్ని తిరిగి అమ్మకు ఇవ్వలేదు. ఈ సంబంధం కుదరాలని నేను రోజూ దీపం పెట్టేటప్పుడు వేడుకునేదాన్ని.

పెళ్ళిచూపులకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం వేళ, ఒకావిడ అంగట్లోకి వచ్చింది. నీటుగా ఇస్త్రీ చేసిన నూలుచీర, కళ్ళజోడు.

"రాండమ్మా, కూర్చోండి. ఎండలో వచ్చినారు. పాపా, నీళ్ళు ఇయ్యి" అన్నాడు నాయన.

"ఆకుపచ్చవి కావాలి, మరీ తళుకులున్నవి వద్దు" అందావిడ. "నాది రెండు నాలుగు. మా ఇంట్లో ఆడవాళ్ళందరివీ రెండు నాలుగే. మా అత్తగారిదీ అంతే, మా ఆడపడుచులదీ అంతే. మా ఊళ్ళో చేతులు చూసే మమ్మల్ని గుర్తుపడతారమ్మాయ్."

చూశాను. రెండు ఆరు. లోపలికి పోయి చీటీ చింపి తెచ్చాను. వాళ్ళ ఊళ్ళో మామిడికాయలు ఇక్కడికంటే పులుపటగా అని అడిగితే ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో ఆరు గాజులు దిగిపోయాయి.

"అబ్బ, ఏం చేతివాటం! మా సర్జాపుర రోడ్డులో షాపుల్లో పిల్లలైతే చేతులు విరగ్గొడతారు."

డబ్బు ఇచ్చాక అసలు సంగతి చెప్పింది. "నేనెవరో తెలుసా? ఆదివారం మీ ఇంటికి రావాల్సినవాళ్ళం. చెప్పకుండా ఒకసారి చూసి పోదామని వచ్చాను. ఏమీ అనుకోకండి."

నాయన లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"నువ్వేం చదివావమ్మా?"

"ఇంట్లోనే చదువుకున్నానండి."

"ఓహో, ప్రైవేటుగా కట్టావా?"

"ఆ, అట్లనేనమ్మా" అన్నాడు నాయన, నేను నోరు తెరిచేలోపే.

"మీ అక్క చేతి కొలతెంత?"

అడిగి ఆవిడ నా ముఖంలోకి చూస్తోంది. నన్ను మెచ్చుకున్న మనిషి. ఆ మెచ్చుకోలు తగ్గించుకోవడం నాకు చేతకాలేదు.

"రెండు నాలుగేనండి. మీ చెయ్యి ఎట్లో, అట్లే."

నాయన నా వైపు చూశాడు.

అక్కది రెండు ఎనిమిది. బరువులు ఎత్తకూడదని నన్ను కూర్చోబెట్టినందువల్ల, ఉత్తరాది నుంచి వచ్చే గాజుల పెట్టెలన్నీ పదకొండో ఏటినుంచి అక్కే దించేది, తాళ్ళు కోసేది, అటకల మీదికి ఎక్కించేది. కాలేజీకి పోయినా, హొసకోటెలో ఒక కంపెనీలో లెక్కల పనికి చేరినా, ఆదివారం పెట్టెలు మాత్రం తనవే. అరచేయి వెడల్పు, కణుపులు గట్టి.

పెళ్ళిచూపుల నాడు అక్క చేతులను పైటకొంగు కింద పెట్టుకుని కూర్చుంది. అమ్మ అట్లా కూర్చోమంది. అబ్బాయి మెల్లగా మాట్లాడాడు. అక్క రెండుసార్లు తలెత్తి చూసింది. కుదిరింది. అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టాను. మూడోరోజు అబ్బాయి తల్లి ఫోన్ చేసి, తాంబూలాల నాటికి అమ్మాయికి రెండు బంగారు గాజులు చేయిస్తున్నామనీ, కొలత తనకు తెలుసు గనుక అడగాల్సిన పని లేదనీ చెప్పింది.

అమ్మకు అప్పుడు తెలిసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అక్కనే అంది.

"ఒక ఫోన్ చేసి రెండు ఎనిమిది అని చెప్తే అయిపోతుంది కదమ్మా" అంది అక్క.

"సుమ్నె ఉండవే, మాట్లాడకు. అంగడి పెట్టుకోని ఇంట్లో పిల్ల కొలత తెలీదా అంటారు. అబద్ధాలోళ్ళు అంటారు. మగోడి చెయ్యి పెట్టుకోని పుట్టి, దాన్ని చాటింపు వేసుకోవాలా? మూడు పోయినాయి. ఇదీ పోతే ఆ చెయ్యి ఎవడు పట్టుకుంటాడు?"

అక్క తన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.

తాంబూలాలకు పదహారు రోజులుంది. రోజూ సాయంత్రం అక్క పని నుంచి రాగానే అమ్మ గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, కొబ్బరినూనె తెచ్చి పెట్టేది. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీదుగా ఇత్తడి గాజును తోసేదాన్ని నేను. మొదటి వారం రెండు ఆరు. తర్వాత రెండు నాలుగు. ఉప్పు తింటే చెయ్యి ఉబ్బుతుందని అక్క అన్నంలో ఉప్పు మానిపించింది అమ్మ.

"సల్ప అడ్జస్ట్ చేస్కోవే. ఒక్క దినమే కదా."

"ఒక పని చేద్దామమ్మా" అంది అక్క. "చెయ్యిని ముందు పంపించేద్దాం. నచ్చితే మిగతా నేను వెనక వస్తా."

నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు, ఎందుకంటే అప్పుడే నేను తోశాను. పన్నెండో రోజు ఇత్తడి రెండు నాలుగు ఎక్కింది. బొటనవేలి మొదట్లో తోలు లేచిపోయింది. అమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది. ఆమె వెనకే నేనూ పెట్టుకున్నాను.

తాంబూలాలు చిన్న చౌల్ట్రీలో. వాళ్ళవైపు నలభైమంది దాకా వచ్చారు. పసుపు కుంకుమ, చీర, పళ్ళు అయ్యాక వెండిపళ్ళెంలో గాజులు వచ్చాయి. రెండు బంగారువి, రెండు డజన్ల ఆకుపచ్చ మట్టిగాజులు. అబ్బాయి మేనత్త వేయబోతుంటే అతని తల్లి ఆపింది.

"వద్దొదినా, వాళ్ళ చెల్లెలి చేత వేయిద్దాం. ఆ పిల్ల చేతివాటం మీరంతా చూడాలి."

అందరూ ముందుకు జరిగారు. ఫోన్లు పైకి లేచాయి. అక్క చేతికి ఇంట్లోనే నూనె పట్టించాం గానీ, కొత్త చీరకు అంటుతుందని అమ్మ దారిలో తుడిచేసింది. కవరు లేదు, సబ్బు లేదు. ఎడమచెయ్యి ఎట్లాగో అయింది. కుడిచేతికి గాజు బొటనవేలి మొదట్లో ఆగిపోయింది.

"ఏం, బిగువా?" అంది మేనత్త.

"లేదండి. కొత్త గాజు కదా" అన్నాను.

అక్క తల వంచి, నాకొక్కదానికే వినిపించేట్టు అంది. "పాపా, ఆపే. చాలు."

విన్నాను. విన్లేదని చెప్పుకోవడానికి లేదు. ఆపి, 'ఇది చిన్నదైందండి, మార్పిద్దాం' అని ఉంటే, ఆ గదిలో కొందరు ముఖముఖాలు చూసుకునేవాళ్ళు, అంతే. అంతకంటే ఏం జరిగేదో ఇప్పుడు నేను చెప్పలేను. అప్పుడు నాకు తోచింది ఒకటే. నలభైమంది నా చేతులు చూస్తున్నారు.

"అక్కా, బావ చూస్తాండాడు. నవ్వు" అన్నాను.

నవ్వింది. తోశాను. నా వేళ్ళ కింద ఏదో కదిలింది, చిక్కుడుకాయలో గింజ పక్కకు జారినట్టు. గాజు మణికట్టు మీదికి వచ్చి ఆగింది.

"చూశారా, అచ్చు మా ఇంటి చెయ్యే!" అంది అబ్బాయి తల్లి. చప్పట్లు కొట్టారు. ఎవరో నా వీపు తట్టి, "ఈ పిల్ల చేతిలో వెన్న ఉంది" అన్నారు. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను. నలుగురి ముందు నన్ను చూపించి ఎవరూ మెచ్చుకున్నది లేదు. ఆ సంతోషంలోనే, విరిగిన చేతికి పన్నెండు మట్టిగాజులు ఒక్కొక్కటే ఎక్కించాను. ఒక్కటీ చిట్లలేదు. అది కూడా మెచ్చుకున్నారు.

అక్క ముఖం మీద చెమట పట్టింది. సిగ్గనుకున్నారు. భోజనాల దగ్గర అత్తగారి పక్కన కూర్చుని, ఆ చేత్తోనే పప్పన్నం కలుపుకుని తింది.

తాంబూలాల గాజులు పెళ్ళిదాకా తీయకూడదని మావాళ్ళ పట్టింపు. "ఒరుసుకోని ఉంటుంది, తగ్గుతుంది" అంటూ అమ్మ మూడు రోజులు పసుపుపట్టు వేసింది. రెండో రోజు అబ్బాయి తల్లి వీడియో కాల్ చేసింది. "గాజులు చూపించమ్మా, మా అక్కయ్య అడుగుతోంది" అంటే అక్క ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. "ఆ చెయ్యి కూడా." అమ్మ ఫోన్ లాక్కుని, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదని కట్ చేసింది.

నాలుగో రోజు పొద్దునకి వేళ్ళు నల్లబడ్డాయి. డాక్టరు చూసి, ముందు ఆ గాజులన్నీ తీయించి రమ్మన్నాడు. మట్టిగాజులు పగలగొట్టాలి. నిశ్చయమైన పిల్ల చేతికి ఆ పని ఎవరు చేస్తారు? అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నాయన గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నాడు. నేనే చేతికి తడిబట్ట చుట్టి, ఒక్కొక్కటే నొక్కి పగలగొట్టాను.

నాలుగు రోజుల్లో అక్క నాతో మొదటిసారి మాట్లాడింది అప్పుడే. "దీనికి కొలత అక్కర్లేదు కదా పాపా?"

బంగారు గాజు కోయడానికి మా సందులోని ఆచారి దగ్గరికి పోయాం. ముసలాయన. గాజును, చేతిని మార్చి మార్చి చూశాడు.

"రెండు నాలుగా? ఈ చేతికా? ఎవరప్పా వేసింది, కసాయోడా?"

"నేనే" అన్నాను.

తలెత్తి నన్ను చూసి, మళ్ళీ తల దించుకుని కోశాడు. కూలి తీసుకోలేదు.

బొటనవేలి మొదట్లో ఎముక చిట్లింది, కీలు తప్పింది. నాలుగు రోజులు ఆలస్యం చేసినందుకు ఆ వేలు ఇక పూర్తిగా మడవడం కష్టమన్నాడు డాక్టరు. మోచేతిదాకా కట్టు వేశాడు.

ఇక దాచడం కుదరలేదు. అబ్బాయి తల్లి వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చి, "మెట్ల మీద జారిందమ్మా" అంది.

"జారలేదండి" అంది అక్క. "ఆ రోజు మీరంతా చూస్తుండగానే విరిగింది."

ఆవిడ కాఫీ కింద పెట్టింది. "నవ్వుతూనే ఉన్నావుగా?"

"నవ్వమంది మా చెల్లెలు."

"మరి కొలత రెండు నాలుగని..."

"నాది రెండు ఎనిమిదండి. మీది రెండు ఆరు. మీకు కూడా చీటీ చింపి వేసింది."

"అయ్యో, లేదమ్మా, లేదు" అన్నాడు నాయన. ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"నిజమా?"

సంబంధం నా నాలుక మీద ఉంది. కాదంటే అక్క అబద్ధాలదవుతుంది. అవునంటే ఈవిడ లేచి పోతుంది. "నిజమేనండి" అన్నాను. మంచితనంతో కాదు. అక్క కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది, అందుకు.

ఆవిడ చెయ్యి చాచింది. "ఏదీ, అసలైన రెండు నాలుగు తెచ్చి వెయ్యి."

తెచ్చాను. కణుపుల దగ్గర ఆగిపోయింది. ఇంకొంచెం నొక్కమంది. నొక్కాను. ఆవిడ కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టి, చెయ్యి లాగేసుకుంది. తన వేళ్ళను చాలాసేపు రుద్దుకుంది. "నేను మా వాళ్ళందరికీ రెండు నాలుగనే చెప్పుకున్నాను" అంది, ఎవరితోనో తెలియకుండా. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు ఫోన్ లేదు. ఆ ఎనిమిది రోజులూ అమ్మ అక్కతోనే పోట్లాడింది. "నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయేది? మెట్లు అంటే మెట్లు అననీ." అక్క ఎడమచేత్తో అన్నం తింటూ వినేది. నేను దీపం ముందు కూర్చునేదాన్ని. ఏమని అడగాలో తెలిసేది కాదు. సంబంధం నిలబెట్టు తల్లీ అంటే, నా తప్పు కప్పిపెట్టమన్నట్టే ఉండేది నాకు.

తొమ్మిదో రోజు ఆవిడే ఫోన్ చేసింది. పెళ్ళి ఆగదని చెప్పింది. కొడుకు గట్టిగా నిలబడ్డాడట. గాజులు మళ్ళీ చేయిస్తాననీ, ఈసారి కొలత దారంతో తీసి పంపమనీ అంది. ఫోన్ పెట్టేసేముందు, "మా బంధువులకి మాత్రం మెట్ల మీద జారిందనే చెప్పండి" అంది.

అమ్మవారి దయ. అది ఇప్పుడు కూడా మనస్ఫూర్తిగా అంటాను. దారం ఉండ తీసుకుని అక్క దగ్గరికి పోయాను. అక్క నా చేతిలోనుంచి ఉండ తీసుకుని, ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమచేతికి తనే చుట్టుకుని కొలుచుకుంది. తెంపడానికి కూడా నన్ను పిలవలేదు.

పెళ్ళికి ముందు మా వైపు బళెశాస్త్రం చేస్తారు. గాజులవాళ్ళను ఇంటికి పిలిపించి, పెళ్ళికూతురితో మొదలుపెట్టి వచ్చిన ఆడవాళ్ళందరికీ గాజులు వేయిస్తారు. మా ఇంట్లో బయటివాళ్ళను పిలిచే అవసరం ఎప్పుడూ రాలేదు. అక్క నాయనతో ఒకటే మాట చెప్పింది. "ఈ పిల్ల నా చెయ్యి ముట్టకూడదు." నాయన పక్కసందులో, ముప్పై ఏళ్ళుగా మాతో పోటీగా అంగడి నడిపే ఆమె దగ్గరికి పోయి పిలిచి వచ్చాడు.

ఆమె గంపతో వచ్చి చాప మీద కూర్చుంది. "ఇంట్లో ఇంత అంగడి పెట్టుకోని నన్నెందుకప్పా పిలిచినారు?" అని నవ్వుతూ అడిగింది. నలభైమంది ఆడవాళ్ళున్నారు.

"నొప్పి లేకుండా వేసేవాళ్ళు కావాల్సి వచ్చింది" అంది అక్క, అందరికీ వినిపించేట్టు.

ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. పసుపు పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎడమచేతికి రెండు ఎనిమిది సులువుగా పోయాయి. కుడిచెయ్యి తీసుకుని బొటనవేలు మడవబోయి ఆమె ఆగింది.

"ఇది మడవదా తల్లీ?"

"మడవదు."

"అయితే దీనికి రెండు పది కావాల. నా దగ్గర లేవే." తల తిప్పి, జరిగిన సంగతి తెలియక నన్నే పిలిచింది. "ఏమ్మా, మీ అంగట్లో ఉండాయేమో చూసి తెస్తావా?"

పళ్ళెం కింద పెట్టి వెళ్ళాను. అంత పెద్ద కొలత మా దగ్గర ఎవరూ అడగరు. వెనక అరలో దుమ్ము పట్టిన ఒకే డబ్బా దొరికింది. తుడిచి తెచ్చి ఆమెకు ఇచ్చాను. ఆమె మాటల్లో పెట్టలేదు, నవ్వించలేదు. తొందరపడకుండా, ఒక్కొక్క గాజునూ ఆ నిలువువేలి మీదుగా వంచి తిప్పి ఎక్కించింది. అందుకు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. పన్నెండు గాజులు ఎక్కేదాకా అక్క ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి కూడా ముడుచుకోలేదు. ఒక్కసారి కూడా నవ్వలేదు.